రాజీనామా చెయ్యాలా, వద్దా? ముందు ఏ కుర్చీయో చూడండి

రాజీనామా అనే మాటకి మన హైదరాబాదులో ఎప్పుడూ కరువు లేదు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్ళు కూడా "లెటర్ స్పీకర్ ఫార్మాట్‌లో (అంటే స్పీకర్ ఆమోదించడానికి కావాల్సిన నమూనాలో) ఉందా లేదా?" అని వాదించుకునేవాళ్ళు. 2010లో అలా ఖాళీ అయిన 12 సీట్లకి ఉప ఎన్నికలు జరిగితే టీఆర్ఎస్ 11, బీజేపీ 1 గెలిచాయి. 2011 జులైలో మూకుమ్మడిగా ఇచ్చిన రాజీనామాల్ని, భావోద్వేగంలో ఇచ్చారంటూ స్పీకర్ తిప్పికొట్టారు. ఇన్ని రాజీనామాలు చూసిన ఊళ్ళో, ఒక ఆడమనిషి ఫలానా నాయకుడు నాతో ఇలా ప్రవర్తించాడు అని ఫిర్యాదు చేస్తే మాత్రం ఆ ఫార్మాట్ ఎవరికీ దొరకదు.

అప్పుడు మనింట్లోనే రెండు జట్లు తయారవుతాయి. మా బావగారిది "కోర్టు తేల్చనీ, ఆరోపణే కదా" జట్టు. మా అమ్మాయిది "ముందు దిగమను, తర్వాత మాట్లాడుకుందాం" జట్టు. ఇద్దరూ ఒక్క ప్రశ్నకే జవాబు చెప్తున్నామనుకుంటారు గానీ, ఒకరు ఎమ్మెల్యే సీటు గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు మంత్రి పదవి గురించి మాట్లాడుతుంటారు. నేను ఆరేళ్ళు మాదాపూర్‌లో ఒక కంపెనీ పాష్ కమిటీలో, అంటే పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీలో పనిచేశాను. అక్కడ నేర్చుకున్న ఒక్క పాఠం పెట్టుకుని ఈ దారులన్నిటినీ పోల్చి చూస్తాను.

ముందు ఆ పాఠం సంగతి. ఒక కాంట్రాక్ట్ ఉద్యోగిని తన టీమ్ లీడ్ మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది. విచారణ అయ్యేదాకా అతన్ని సెలవు మీద పంపించాం. కుర్చీ ఖాళీ, అందరూ చూశారు, మేం కూడా మా పని బాగా చేశామనుకున్నాం. పది రోజుల తర్వాత ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. ఆమె షిఫ్ట్ మారింది. క్యాబ్ పికప్ తెల్లవారుజామున 4:40కి పడింది, అది కూడా ఇంటి ముందు కాదు, మెయిన్ రోడ్డు మీద. కింద చిన్న అక్షరాల్లో "ఆమోదించినవారు" అని అతని పేరే ఉంది. సెలవులో ఉన్న మనిషి ఇంట్లో కూర్చుని రోస్టర్ ఆమోదిస్తున్నాడు. మేం కుర్చీ తీసేశాం గానీ లాగిన్ తీయలేదు. తీయడానికి పట్టింది పది నిమిషాలు.

నాయకుల విషయంలోనూ నేను ముందు అడిగేది అదే: ఈ పదవికి ఉన్న లాగిన్ ఏమిటి? ఫిర్యాదు చేసిన మహిళ మీద, సాక్షుల మీద, దర్యాప్తు చేసే పోలీసు మీద ఈ కుర్చీలోంచి చెయ్యి ఎంతదూరం చాపొచ్చు?

కోర్టు తేల్చేదాకా ఆగడం

చట్టం ప్రకారం ఇదే మొదటి దారి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో 8వ సెక్షన్ చూడండి. అత్యాచారం లాంటి నేరంలో దోషి అని తేలితే శిక్ష ఎంతైనా సభ్యత్వం పోతుంది. మిగతా చాలా నేరాల్లో రెండేళ్ళు, ఆపైన శిక్ష పడితేనే పోతుంది. ఇదివరకు అప్పీలు వేసుకుని సీట్లో కొనసాగేవాళ్ళు, 2013 జులై 10న లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఆ వెసులుబాటు కొట్టేసింది. ఇందులో మెలిక ఏమిటంటే, లైంగిక వేధింపుల సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. అందులో ఏడాది శిక్ష పడిందనుకోండి, ఆయన ఎమ్మెల్యేగానే ఉండొచ్చు.

ఇక ఆలస్యం సంగతి. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్‌లో బాలిక మీద అత్యాచారం కేసు చూడండి. నేరం జరిగింది 2017 జూన్‌లో. ఎమ్మెల్యే కుల్‌దీప్ సెంగర్ దోషిగా తేలింది 2019 డిసెంబరులో. ఆ మధ్యకాలమంతా ఆయన ఎమ్మెల్యేనే. ఆ మధ్యలోనే, 2018 ఏప్రిల్‌లో, బాధితురాలి తండ్రి కస్టడీలో చనిపోయాడు. ఆ కేసులో కూడా సెంగర్‌కి తర్వాత శిక్ష పడింది. "కోర్టు తేల్చనీ" అనేవాళ్ళతో నాకున్న పేచీ ఇదొక్కటే. కోర్టు తేల్చేలోపు ఎవరెవరు ఏమవుతారన్న లెక్క వాళ్ళ వాదనలో ఉండదు.

ఇంకో పోలిక చెప్పనా? సచివాలయంలో పనిచేసే అటెండర్ 48 గంటలు దాటి పోలీస్ కస్టడీలో ఉంటే సస్పెన్షన్‌లో ఉన్నట్టే లెక్క. విడిగా ఎవరూ నేరం రుజువు చెయ్యక్కర్లేదు. అదే మెట్లెక్కి పైఅంతస్తులో కూర్చునే మంత్రికి అలాంటి రూలు లేదు. ఈ తేడా పూడ్చాలనే 2025 ఆగస్టు 20న 130వ రాజ్యాంగ సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. ఐదేళ్ళు, ఆపైన శిక్ష పడే కేసులో వరసగా 30 రోజులు కస్టడీలో ఉంటే 31వ రోజు మంత్రి పదవి ఊడుతుంది. బిల్లు సంయుక్త పార్లమెంటరీ కమిటీకి (జేపీసీ) వెళ్ళింది. మన సంగతికి మాత్రం ఇది పెద్దగా పనికిరాదు. మూడేళ్ళ శిక్ష ఉన్న వేధింపుల కేసు దీని కిందకే రాదు. ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు దాకా పోవడమే తక్కువ, మనవాళ్ళు పాత సెక్షన్ పేరుతో చెప్పుకునే "41ఏ నోటీసు (పిలిచినప్పుడు రమ్మనే కాగితం) ఇచ్చి పంపేశారు" అదే. పైగా 30 రోజులు లోపల ఉంచడం, ఉంచకపోవడం పోలీసుల చేతిలో పని, పోలీసులు ఎవరి చేతిలో ఉంటారో మీకు తెలుసు.

శాఖ మార్చి ఊరుకోవడం

అన్నిట్లోకీ నాకు నచ్చనిది ఇదే. 2022 డిసెంబరు 31న హర్యానా క్రీడల మంత్రి సందీప్ సింగ్ మీద ఒక జూనియర్ మహిళా కోచ్ ఫిర్యాదుతో చండీగఢ్‌లో కేసు నమోదైంది. ఆయన ఆరోపణలు కాదన్నారు, క్రీడల శాఖ వదులుకున్నారు, మంత్రిగా మాత్రం ఉండిపోయారు. 2023 ఆగస్టులో సస్పెండ్ అయింది ఎవరో తెలుసా? ఆ కోచ్. రెండిటికీ సంబంధం ఉందని నేను తేల్చి చెప్పలేను. కానీ మా ఆఫీసు రోస్టర్ గుర్తొచ్చింది. శాఖ మార్చినా అదే క్యాబినెట్, అదే ముఖ్యమంత్రి, అవే కారిడార్లు.

మంత్రి పదవి వదిలి, సీటు ఉంచుకోవడం

మంత్రులకి నా ఓటు దీనికే. కారణం సులువు. మంత్రిగా ఉండడం ఎవరి హక్కూ కాదు. ముఖ్యమంత్రి ఒక లేఖ రాస్తే గవర్నర్ బర్తరఫ్ చేస్తారు, దానికి నేరం రుజువు కానక్కర్లేదు. అలాంటప్పుడు వదులుకోవడానికీ రుజువు అక్కర్లేదు. రెండోది, ఇది వెనక్కి రాగలిగిన దారి. కేరళ చూడండి. విమానంలో తోటి ప్రయాణికురాలు ఫిర్యాదు చేస్తే పి.జె. జోసెఫ్ 2006 సెప్టెంబరులో మంత్రి పదవి వదిలారు, 2009లో కోర్టు నిర్దోషి అనడంతో మళ్ళీ మంత్రి అయ్యారు. 2017 మార్చిలో ఒక మహిళతో అసభ్యంగా మాట్లాడారంటూ ఒక టీవీ చానల్ ఆడియో వేస్తే ఎ.కె. శశీంద్రన్ గంటల్లోనే రాజీనామా చేశారు. తర్వాత అది తమ మనిషితోనే చేయించిన స్టింగ్ అని చానలే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది, ఆయన 2018 ఫిబ్రవరి 1న తిరిగి ప్రమాణం చేశారు. పోయింది పది నెలలు. అది అన్యాయం కాదా అంటే, అన్యాయమే. కానీ తీర్చగలిగిన అన్యాయం. ఫిర్యాదు చేసినామె ఉద్యోగమో, ప్రాణమో పోతే దాన్ని ఎవరు తీరుస్తారు?

పాత ఆరోపణల సంగతి వేరు. ఎం.జె. అక్బర్ 2018 అక్టోబరు 17న విదేశాంగ సహాయమంత్రి పదవి వదిలారు. ఆరోపణలన్నీ ఆయన పత్రికా సంపాదకుడిగా ఉన్న రోజులవి, ఆయన వాటిని ఖండించారు. అక్కడ శాఖ లాగిన్‌తో పని లేదనిపిస్తుంది. అయినా రాజీనామాకి రెండు రోజుల ముందు, మంత్రిగా ఉండగానే, ఆయన తన మీద ఆరోపణ చేసిన ప్రియా రమణి మీద పరువునష్టం కేసు వేశారు. పదవిలో ఉన్న మంత్రి ఒక పాత్రికేయురాలిని కోర్టుకి లాగడం కూడా లాగిన్ వాడడమే అంటాను నేను. 2021 ఫిబ్రవరి 17న ఆమె నిర్దోషిగా బయటపడ్డారు. ఏళ్ళు గడిచాక కూడా మహిళ తన గోడు చెప్పుకోవచ్చని ఆ తీర్పు స్పష్టంగా అంది. అక్బర్ రాజ్యసభ సభ్యత్వం మాత్రం అలాగే ఉండిపోయింది.

సీటు కూడా వదిలెయ్యడం

మా అమ్మాయి కోరేది ఇదే. ఇక్కడే నేను ఆమెతో విభేదిస్తాను, కొంచెం తటపటాయిస్తూనే.

సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లో ఉప ఎన్నిక. ఆ ఎన్నికలో ఆయనే నిలబడొచ్చు, ఆపే చట్టం లేదు. నిలబడి గెలిస్తే ఇక చెప్పేదేముంది, "ప్రజాకోర్టు తీర్పు ఇచ్చింది" అని ఫ్లెక్సీలు. రాజీనామా చేసి మళ్ళీ గెలిచి రావడం ఎంత తేలికో 2010లో మన కళ్ళతో మనమే చూశాం. ఉద్యమానికి అది సరిపోయింది. ఒక మహిళ కేసుకి సరిపోదు. ఆరు నెలలపాటు ఆమె పేరు బయటికి రాకుండా ఊళ్ళో ప్రతి మైకులోనూ ఆమె గురించే మాట్లాడతారు. అత్యాచారం కేసుల్లో పేరు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరమే, కానీ పేరు లేకుండానే ఫలానా ఆవిడ అని ఊరందరికీ తెలిసిపోయేలా మాట్లాడ్డం మన ప్రచార వీరులకి వెన్నతో పెట్టిన విద్య.

ఇంకో భయం కూడా ఉంది. ఎఫ్ఐఆర్ పడగానే సీటు పోవాలంటే, అధికారంలో ఉన్నవాడికి ప్రతిపక్షం సీటు ఖాళీ చేయించడానికి ఒక ఎఫ్ఐఆర్ చాలు. ప్రభుత్వం మారగానే కేసుల దిశ మారిపోయే చోట బతుకుతున్నాం. 2024 సెప్టెంబరులో సత్యవేడు ఎమ్మెల్యే మీద ఫిర్యాదు వస్తే టీడీపీ వెంటనే సస్పెండ్ చేసింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కేసు కొట్టేసింది. సీటు వదిలేసి ఉంటే ఆయనకి అది తిరిగొచ్చేది కాదు.

కాబట్టి ఎమ్మెల్యే, ఎంపీ సీట్లకి నేను పెట్టుకున్న గీత, కోర్టు అభియోగాలు నమోదు చేసిన రోజు. అప్పటికి పోలీసులే కాదు, ఒక జడ్జి కూడా కాగితాలు చూసి, విచారణకి సరిపడా విషయం ఉందని చెప్పినట్టు. కానీ ఉన్నావ్‌ని ఈ గీతతో కొలిస్తే నాకే సిగ్గుగా ఉంటుంది. అక్కడ అభియోగాల దాకా రావడానికే రెండేళ్ళు పట్టింది. 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు కేసుల్ని ఢిల్లీకి మార్చాకే బండి కదిలింది. అందుకే సీటు ఉంచుకోనిచ్చేటప్పుడు దానికో షరతు కలపాలి: దర్యాప్తు ఆ నియోజకవర్గం పోలీసుల చేతిలో ఉండకూడదు. ఎస్సై, సీఐ పోస్టింగుకి ఎమ్మెల్యే లెటర్ కావాలన్న మాట మన రెండు రాష్ట్రాల్లో ఎవరికీ కొత్త కాదు కదా. ఎమ్మెల్యే లాగిన్ అంటే అదే. హైదరాబాదులో ప్రజాప్రతినిధుల కేసులు వినడానికి నాంపల్లిలో ప్రత్యేక కోర్టు ఉంది. కోర్టు విడిగా ఉండి దర్యాప్తు పాత స్టేషన్‌లోనే ఉంటే ఆ కోర్టుకి చేరే కాగితం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పార్టీ సస్పెన్షన్

ఖర్చు లేని పని, ప్రెస్ నోట్‌తో అయిపోతుంది. చెయ్యాల్సిందే, వెంటనే చెయ్యాల్సిందే. కానీ దాంతో పని అయిపోయిందనుకోవద్దు. 2024 ఏప్రిల్‌లో లైంగిక దాడి ఆరోపణలు వచ్చిన కర్ణాటక ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణని జేడీఎస్ సస్పెండ్ చేసింది, ఆయన అప్పటికే దేశం దాటేశారు. 2025 ఆగస్టులో ఆయనకి యావజ్జీవ శిక్ష పడింది.

ఇందులో చాలామందికి తెలియని బొక్క ఒకటుంది. పార్టీలో పనిచేసే మహిళకి పాష్ చట్టం అండ లేదు. పార్టీకీ కార్యకర్తకీ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదని 2022లో కేరళ హైకోర్టు అంది. పార్టీల్ని ఈ చట్టం కిందకి తేవాలన్న పిటిషన్‌ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే బస్తీ కమిటీలో జెండా మోసే ఆడపిల్లకి డివిజన్ ప్రెసిడెంట్ మీద ఫిర్యాదు ఉంటే, మా కంపెనీలో కాంట్రాక్ట్ ఉద్యోగినికి ఉన్నపాటి కమిటీ కూడా లేదు. నేరుగా పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలి. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు, తన ఏరియా స్టేషన్‌కే పోనక్కర్లేదు. ఆ మాట మీ బస్తీలో ఎవరికైనా పనికొస్తే చెప్పండి. పార్టీ పదవి ఎవరూ ఓటేసి ఇచ్చింది కాదు కాబట్టి అది వదలడానికి ఎఫ్ఐఆర్ దాకా కూడా ఆగక్కర్లేదు. సంతకం పెట్టిన ఫిర్యాదు వచ్చిన రోజే దిగాలి.

గవర్నర్ లెక్క వేరు

గవర్నర్ పదవిలో ఉండగా రాజ్యాంగం 361వ అధికరణ ప్రకారం ఆయన మీద క్రిమినల్ కేసు నడవదు. అంటే కోర్టు తేల్చనీ అనే దారే మూసుకుపోయింది. ఆయన రాజీనామా చెయ్యడమో, రాష్ట్రపతి తొలగించడమో తప్ప వేరే తలుపు లేదు. మేఘాలయ గవర్నర్ షణ్ముగనాథన్ రాజ్‌భవన్ సిబ్బంది లేఖతో 2017 జనవరిలో దిగిపోయారు. పశ్చిమ బెంగాల్‌లో 2024 మేలో రాజ్‌భవన్ ఉద్యోగిని ఆరోపణ చేస్తే సి.వి. ఆనంద బోస్ కాదన్నారు, పదవిలోనే కొనసాగారు.

మన సోమాజిగూడ రాజ్‌భవన్ కథ మాత్రం ఇంకో రకం. 2009 డిసెంబరు, తెలంగాణ ప్రకటన వచ్చి వెనక్కి పోయిన రోజులు, ఊరంతా బంద్‌లు. ఆ గోలలో గవర్నర్ మహిళలతో ఉన్నారంటూ ఒక చానల్‌లో వీడియో, మర్నాడు, అంటే 26న, 84 ఏళ్ళ గవర్నర్ ఎన్.డి. తివారీ రాజీనామా. వీడియో కల్పితమన్నారు, రాజీనామాలో ఆరోగ్య కారణాలన్నారు, డెహ్రాడూన్ వెళ్ళిపోయారు. అందులో నిజమెంతో ఏ కోర్టూ తేల్చలేదు. ఆ ఇంట్లోకి ఎవరు ఎవరిని ఎందుకు పంపారో, ఎవరి మీదైనా బలవంతం జరిగిందో ఎవరూ అడగలేదు. టీవీల్లో రెండు రోజులు "రాసలీలలు" అన్నారు, తర్వాత మర్చిపోయారు.

ఆ మాట దగ్గర కాసేపు ఆగాలి. "రాసలీలలు" అనగానే ఫిర్యాదు కాస్తా వినోదమైపోతుంది. ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి కలిస్తే, అది ఇంట్లో వాళ్ళకి కష్టం కావచ్చు గానీ నేరం కాదు. వివాహేతర సంబంధం నేరమనే సెక్షన్‌ని 2018లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎవరో లీక్ చేసిన వీడియో ఉండి, ఫిర్యాదు చేసిన మనిషి లేకపోతే నేను రాజీనామా అడగను, వీడియో ఎవరు తీశారో అడుగుతాను. 2022లో హిందూపురం ఎంపీ వీడియో గోల గుర్తుందిగా, ఒరిజినల్ దొరకలేదని పోలీసులు అన్నారు, అక్కడితో సరి. మనిషి ముఖం ఎవరికైనా అతికించగలిగే ఈ రోజుల్లో వీడియో కంటే సంతకం ఉన్న కాగితానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన వాంగ్మూలం ఉంటే ఇంకా ఎక్కువ.

తివారీ కథలో నన్ను ఇప్పటికీ తొలిచేది వేరే. రాజీనామా అక్కడ మూతలా పనిచేసింది. అమెరికాలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. సెనేటర్ అల్ ఫ్రాంకెన్ 2017 డిసెంబరులో ఎథిక్స్ కమిటీ విచారణ పూర్తికాకముందే రాజీనామా ప్రకటించారు. ఆయన్ని దిగమన్న సహచరుల్లో కొందరు తర్వాత తొందరపడ్డామన్నారు. న్యూయార్క్ గవర్నర్ ఆండ్రూ క్యూమో విషయంలో ముందు విచారణ జరిగింది. 11 మంది మహిళల విషయం నివేదికలో వచ్చాక, 2021 ఆగస్టులో వారానికే ఆయన రాజీనామా ప్రకటించారు. ఆ విచారణకి పట్టింది నెలలే, ఏళ్ళు కాదు. మా పాష్ కమిటీకైతే చట్టం ఇచ్చిన గడువు 90 రోజులు, ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు కూర్చుని పూర్తి చేసేవాళ్ళం. శాసనసభకో ఎథిక్స్ కమిటీ ఉంటుంది, దానికి 90 రోజులు ఎందుకు చాలవో నాకు అర్థం కాదు. కాబట్టి ఏ నాయకుడైనా రాజీనామా చేశాడని వింటే, చప్పట్లు కొట్టే ముందు కేసు నంబరు ఉందా, దర్యాప్తు అధికారి ఎవరు అని అడగండి.

మొన్న ఆదివారం బావగారు వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. "సరేనమ్మా, వాళ్ళు దిగరు, పార్టీ దింపదు. మనం చేసేదేముంది?" అన్నారు. ఫోన్‌లో ఎన్నికల సంఘం వాళ్ళ నో యువర్ క్యాండిడేట్ యాప్ తెరిచి, గత ఎన్నికల్లో మన నియోజకవర్గంలో నిలబడ్డవాళ్ళ ఫారం 26 అఫిడవిట్లు చూపించాను. పెండింగ్ కేసుల కాలమ్‌లో ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్ పేరు, సెక్షన్లు, అభియోగాలు నమోదయ్యాయా లేదా, అన్నీ ఉంటాయి. బావగారు కళ్ళజోడు పైకి తోసుకుని ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ పోయారు. ఒకచోట ఆగి "ఈ 354 అంటే ఏమిటి?" అని అడిగారు. మహిళ గౌరవానికి భంగం కలిగించేలా ఆమె మీద దాడి చెయ్యడం అని చెప్పాను. ఆయన ఆ పేజీ మూయలేదు. "ఇతనికేగా నేను ఓటేసింది" అన్నారు.